ఆదాం మెడకు స్కానింగ్

ప్రేమమ్మ ఆరేళ్ళ నుంచి పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. ఆరేళ్ళ నుంచీ ఆమె భర్త ఆదాం దాన్ని బద్ధకం మాత్ర అంటున్నాడు. ప్రత్తిపాడు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోసే ముఠాకు అతను మేస్త్రి. గట్టిగా అరిస్తే చాలు, అదే పెద్దరికం అనుకునే మనిషి. వైద్యం గురించి అతనికి తెలిసింది సున్నా, చెప్పేది మాత్రం బోలెడు. బడిలో మధ్యాహ్న భోజనం వండి వచ్చి ప్రేమమ్మ కాసేపు నడుం వాలిస్తే వీధికంతా వినపడేలా అందుకునేవాడు.

"మా అమ్మ తొమ్మిదిమందిని కని పొలం పోయింది. ఆవిడికి లేదే ఈ థైరాయిడ్డు? పనెగ్గొట్టడానికి ఆడాళ్ళు కనిపెట్టిన రోగమిది!"

ముఠావాళ్ళు నవ్వేవారు. మేస్త్రి మాటకు నవ్వకపోతే మర్నాడు పై వరుస బస్తాలు వాళ్ళ నెత్తికే వస్తాయి మరి.

నిరుడు వేసవిలో ఆదాం గొంతు బొంగురుపోయింది. మిర్చి ఘాటన్నాడు. ఎండలు మాడ్చేస్తుంటే దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. కోల్డ్ స్టోరేజీ చలి ఎముకల్లోకి దిగిందన్నాడు. మొహం ఉబ్బింది, కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు, మెట్లెక్కితే కాళ్ళు లాగేస్తున్నాయి. వయసన్నాడు. ప్రతిదానికీ కారణం సిద్ధంగా ఉండేది, పరీక్ష చేయించుకోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

ఊళ్ళో సూది మందులిచ్చే కోటేష్ ఇతనికి తగ్గ వైద్యుడు. రెండు నెలలు బలానికని ఇంజెక్షన్లు పొడిచాడు, రంగు సెలైన్లు ఎక్కించాడు. ఒక్కసారైనా మెడ పట్టి చూసిన పాపాన పోలేదు.

చూసింది ప్రేమమ్మే. ఒక ఆదివారం చర్చికి పోబోతూ ఆదాం అద్దం ముందు తలెత్తి గడ్డం గీసుకుంటుంటే గొంతు కింద వాపు కనపడింది.

"ఏవయ్యా, నాకొచ్చిందే నీకూ వచ్చినట్టుంది."

"నోర్ముయ్. నేను మగాణ్ణి."

"మగాళ్ళకి మెడ ఉండదా?"

వారం రోజులు బింకంగా తిరిగాడు. ఒకరోజు బస్తా ఎత్తబోయి కూలబడ్డాక దారికొచ్చాడు. గుంటూరులో రక్తపరీక్ష చేస్తే ఐదు లోపు ఉండాల్సిన థైరాయిడ్ అంకె డెబ్బై దాటింది. వాపు ఉంది కాబట్టి మెడకు స్కానింగ్ కూడా రాశారు డాక్టర్ మాధురి.

స్కానింగ్ సెంటర్ నిండా ఆడవాళ్ళే. ఆదాం గుమ్మంలో కాసేపు తటపటాయించి, బెంచీ మీద కూర్చున్న ప్రేమమ్మ ఒళ్ళో తన ఫైలు పెట్టి, తోడొచ్చినవాడిలా దూరంగా నిలబడ్డాడు. ఖర్మకాలి ఆ బెంచీ మీద నగ్మా ఉంది. ముఠాలో పనిచేసే మొహిద్దీన్ బాషా భార్య ఆమె.

"స్కానింగ్ ఎవరికి, అన్నా?"

"ఇంకెవరికి, దీనికే," అన్నాడు ఆదాం పెళ్ళాన్ని చూపించి.

ప్రేమమ్మ ఫైలు తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది. "నాకు కాదమ్మా. ఈయనకే. థైరాయిడ్డు."

లోపల భుజాల కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చి పడుకోబెట్టారు. చల్లటి జెల్లు మెడ మీద పడగానే వణికిపోయాడు.

"ఇది కడుపుతో ఉన్నోళ్ళకి చేసేది కదమ్మా?"

"మెడకీ చేస్తారండి. కదలకండి, మాట్లాడకండి, గుటకలు మింగకండి," అంది స్కాన్ చేసే డాక్టరమ్మ.

మూడు గుటకలు మింగాడు. యంత్రాన్ని మెడ మీద ఇటూ అటూ జరుపుతూ ఆమె ఒకచోట ఆపింది. పధ్నాలుగు మందిని హడలగొట్టే మేస్త్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"క్యాన్సరా తల్లీ?"

"ఒక చిన్న గడ్డ ఉందండి. చూస్తే ప్రమాదంలా లేదు. గ్రంథి మాత్రం వాచింది. మందులు వాడుతూ, ఏడాదికి మళ్ళీ స్కాన్ చేయించుకోండి."

జెల్లు సగం తుడుచుకుని బయటికొచ్చాడు. "నేను ముందే చెప్పాగా, ఏం లేదని!" అన్నాడు ప్రేమమ్మతో.

మందు మొదలైంది. మూడు నెలల తరవాత కూడా అంకె నలభై దగ్గరే ఉంది. మాత్రలే నకిలీవని డాక్టర్ మాధురి గదిలో ఎగిరాడు.

"ఎప్పుడు వేసుకుంటున్నారు ఆదాం గారూ?"

"పదింటికండి. పునుగులు తిని, టీ తాగాక. కోల్డ్ స్టోరేజీ వెనక్కెళ్ళి."

"పరగడుపున అని చెప్పాను కదండీ. ఇంట్లో ఎందుకు వేసుకోరు?"

ఆదాం నేల చూపులు చూశాడు. "దీని ఎదురుగానా?"

ప్రేమమ్మకు ఒళ్ళు మండింది. "నేను ఎట్టా వేసుకుంటానో ఆరేళ్ళు చూశాడమ్మా. ఎగతాళి చెయ్యడానికే చూశాడు."

అప్పటి నుంచి లేవగానే మంచినీళ్ళతో వేసుకుని, గంటదాకా టీ ముట్టుకోవడం లేదు. క్రిస్మస్ నాటికి అంకె నాలుగుకు దిగింది. వాపు తగ్గింది, కునుకుపాట్లు పోయాయి. పోయిన గొంతు కూడా వచ్చింది, ఆ వీధికి అదొక్కటే నష్టం. ప్రేమమ్మతో ఒక్కమాటైనా 'తప్పయిందే' అన్నాడా అంటే, లేదు.

పైగా ఇప్పుడతను థైరాయిడ్ పండితుడు. క్యాబేజీ తినకూడదంటాడు, ఎవరు కనపడినా తలెత్తమని మెడ పిసుకుతాడు. మొన్నామధ్య మొహిద్దీన్ బాషా నీరసంగా ఉందంటే రెండు వేళ్ళతో గొంతు నొక్కి, "ఒరేయ్, నీకూ వచ్చిందిరా, రాసిస్తా!" అన్నాడు. నగ్మా ఆ మాట పట్టించుకోకుండా మొగుణ్ణి తీసుకెళ్ళి అన్ని పరీక్షలూ చేయించింది. థైరాయిడ్ లేదు, షుగరుంది.

"ఆ ల్యాబోళ్ళకేం తెలుసు?" అన్నాడు ఆదాం.