పాస్టరుగారూ నా అనుమానమూ

మా పక్కింటి పాస్టరుగారు మొన్న గురువారం పోయారు. ఆటోకి మైకు కట్టి ఊరంతా చెప్పారు. ఆ మాట వినగానే మా ఆవిడతో నేనన్నది ఇది: "నిన్న సాయంత్రం కూడా గొంతు బాగానే ఉందే! ఇందులో ఏదో ఉంది." ఏమీ లేదు. నిద్రలో గుండె ఆగింది. మీరు నవ్వుకోవచ్చు గానీ, చావును కూడా అనుమానించే బుద్ధి నాది.

ముప్పై ఏళ్ళు కాలువ మీద లస్కరుగా పనిచేశాను. ఎవరు దొంగతనంగా తూము తలుపు ఎత్తి చేలోకి నీళ్ళు మళ్ళిస్తారో కనిపెట్టడమే నా ఉద్యోగం. రిటైరయ్యాక తూములు లేవు, పాస్టరుగారు దొరికారు. చర్చిని ఆనుకుని ఆయన ఇల్లు, గోడకి ఇవతల మాది. సంఘంవాళ్ళకి "వందనాలండి" అనే మనిషి నాకు మాత్రం "నమస్కారమండి" అని చేతులు జోడించేవారు. అందులోనూ నాకు ఎత్తుగడే కనిపించింది.

మా అమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పుడు ఆయన వచ్చారు. "అమ్మగారికి ప్రార్థన చెయ్యమంటారా అండి?" అని అడిగారు. వద్దన్నాను. "సరేనండి. పోనీ పేపరు చదివి వినిపిస్తాను. ఆవిడకి పొద్దుపోతుంది కదా" అన్నారు. కాదనడానికి కారణం దొరకలేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి చెప్పులు గేటు బయటే వదిలి వచ్చేవారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం, రొయ్యల రేటు, ఎక్కడెక్కడ కరెంటు ఉండదో, అన్నీ చదివేవారు. మొదట్లో ఆయనకి టీ విడిగా ఉంచిన గ్లాసులో ఇచ్చాం. తాగి, కడిగి, బోర్లించి వెళ్ళేవారు. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఒకరోజు తలుపు పక్కన నక్కి విన్నాను. పేపరు మడిచి పక్కన పెట్టేశారు. మా అమ్మకి ఏసుప్రభువు గురించి చెబుతున్నారు. దొరికాడనుకున్నాను. "మంచం మీదున్న ముసలామెని మతంలో కలుపుకుంటారా?" అని అరిచాను.

ఆయన తడబడలేదు. "ఆదివారం చెప్పబోయే ప్రసంగమండి. ముందు అమ్మగారికి చెప్పి చూసుకుంటున్నాను. ఆవిడ కునుకు తీసిన చోట ఆ ముక్క తీసేస్తాను. మా సంఘంలో బాగోలేదని ఎవరూ చెప్పరండి, అన్నిటికీ ఆమేన్ అంటారు."

నేను నమ్మలేదు. రేపటినుంచి రావద్దన్నాను. ఆయన రాలేదు. నాలుగు రోజులు అమ్మ సాయంత్రమయ్యేసరికి గుమ్మం వైపు చూసి చూసి, అటు తిరిగి పడుకునేది. గంజి కూడా పట్టనివ్వలేదు. ఐదో రోజు నేనే వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడ్డాను. క్షమించమని అడగడం నా వల్ల కాలేదు. "రొయ్యల రేటు పెరిగిందట, అమ్మ అడుగుతోంది" అన్నాను. మాటే లేని మా అమ్మ అడిగిందని చెప్పినా ఆయన నవ్వలేదు. "పదండి" అన్నారు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆ గదిలోనే కాపలా కూర్చున్నాను. "ఇదెక్కడి న్యాయమండీ?" అని ప్రసంగం మధ్యలో అడ్డుపడేవాణ్ణి. ఆయన ఆగి, ఆలోచించి, "నిజమేనండి, ఇది నాకూ సరిగ్గా తెలియదు" అనేవారు. "వాక్యం పొడుగైందంటే అందులో నా సొంత గొడవ కలిసినట్టే" అని కూడా అంటుండేవారు. ఆయన బతికుండగా ఒప్పుకోలేదు గానీ, ఎప్పుడు నాలుగవుతుందా అని నేనూ ఎదురుచూసేవాణ్ణి. అమ్మ పోయిన రోజు ఒక్క ప్రార్థన కూడా పైకి చెప్పకుండా పాడె వెనక శ్మశానం దాకా నడిచారు.

పెదకర్మ అయిన మర్నాడు నాలుగింటికి మళ్ళీ వచ్చారు. "ఇక మీరు వింటారా అండి?" అన్నారు. అయితే అసలు గురి నేనేనన్నమాట అనుకున్నాను.

"నన్ను మార్చలేరు మీరు" అన్నాను.

"మార్చడానికి కాదండి. నన్ను నమ్మనివాళ్ళు ఒక్కరైనా వినాలి."

తలుపు వేసేశాను. ఈ ఆరేళ్ళలో ఆయన మళ్ళీ అడగలేదు.

కానీ రోజూ నాలుగింటికి వాళ్ళ పెరట్లోంచి ఆయన గొంతు వినిపించేది. అక్కడ ఎవరిని కూర్చోబెట్టారో, ఏం చెబుతున్నారో కనిపెట్టాలి కదా! మొక్కలకి నీళ్ళు పోసే వంకతో బకెట్టు తీసుకుని గోడ దగ్గరికి చేరేవాణ్ణి. దగ్గు వచ్చినా ఆపుకుని, ఆరేళ్ళూ విన్నాను.

సమాధి చేసి వచ్చాక పాస్టరమ్మగారిని పలకరించడానికి మొదటిసారి వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. ఇంత కాలం తొలిచిన ప్రశ్న ఆగలేదు. "రోజూ ఇక్కడ ఎవరికి చెప్పేవారండీ?" అన్నాను.

ఆవిడ నా వంక వింతగా చూశారు. "మీకేనండి. అవతల బకెట్టు చప్పుడైతే గాని మొదలుపెట్టేవారు కాదు. మీరు తణుకు పెళ్ళికెళ్ళిన నాలుగు రోజులూ అసలు నోరే విప్పలేదు."

ఆయన కుర్చీ ఇంకా అక్కడే ఉంది. గోడకి రెండడుగుల దూరంలో, మా ఇంటి వైపు తిరిగి.