గొడుగు ముడువప్పా

పెనుకొండ పాత కోటలో నలుగురు కాలేజీ స్నేహితులం తిరుగుతుండగా చినుకులు మొదలయ్యాయి. మూర్తి గబుక్కున గొడుగు తెరిచాడు. ఇన్నేళ్లకు కలుస్తున్నామని పొద్దున్నే జుట్టుకు రంగు వేసుకొచ్చాడు మరి.

గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఆగాడు. “గొడుగు ముడువప్పా. శెనక్కాయ ఏసినాక ఇదే మొదటి వాన. గొడుగు చూస్తే ఎనక్కి పోతాది.”

మాకు నవ్వొచ్చింది. ఆయన మాత్రం తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని వానలో అలాగే నిలబడ్డాడు. మూర్తి ఒక్క క్షణం ఆగి గొడుగు ముడిచేశాడు.

వాన పెరిగింది. మూర్తి చెంపల మీదుగా నల్లటి చారలు చొక్కా కాలర్‌లోకి దిగాయి. పెద్దాయన దగ్గరికొచ్చి ఆ మొహం తేరిపారా చూసి, మొదటిసారి నవ్వాడు.

“ఇన్నాళ్లూ మేము ఆకాశంలో ఎతుకుతాంటిమి గదప్పా! నల్లమబ్బు నీ నెత్తి మీద ఉండాదా?”