దాది రాయనివ్వని ఢావ్లో

మా చిన్నప్పుడు... మహబూబాబాద్ దగ్గరి మా తండాలో మా జమునక్కకు పెండ్లి కుదరగానే, దాది ఆమెను రోజూ మక్కచేను గట్టుకు తీసుకుపోయేది. దాది అంటే మా నాయిన తల్లి. తీసుకుపోయేది ఏడవడం నేర్పడానికి.

నవ్వకండి... మా లంబాడీల్లో పెండ్లికూతురు అత్తారింటికి పోయేటప్పుడు తల్లిని, తండ్రిని, అన్నదమ్ములను మెడ పట్టుకుని పాడుతూ ఏడుస్తుంది. ఆ పాటే ఢావ్లో. దాన్ని ఇంట్లో మాత్రం నేర్పకూడదని దాది పట్టు.

నేనూ వెంటపడేదాన్ని. అప్పుడే బడిలో అక్షరాలు వచ్చాయి, చేయి ఊరుకుంటుందా... మా మాటకు సొంత లిపి లేదు. తెలుగు అక్షరాలతోనే రెండు ముక్కలు పలక మీద ఎక్కించాను. దాది చూసింది. తిట్టలేదు, కొంగుతో తుడిచేసింది.

"రాస్తే ఎవరన్న ఉత్తగ చదువుతరు బిడ్డా. పెండ్లి లేకుంట గిది ఇంట్ల వినబడితే, ఇంట్ల ఒక పానం పోతది."

మా మాటలో అన్నదాన్ని మీకోసం తెలుగులో చెప్తున్నా. ఆ భయానికి మళ్లీ ఎన్నడూ రాయలేదు.

మొన్న ఫోన్‌లో ఒకటి చదివాను. నడి సముద్రంలో ఈస్టర్ దీవి అట... అక్కడి రాపనుయి వాళ్లు చెక్కల మీద పిట్టలు, చేపలు, మనుషుల బొమ్మలతో వరసలుగా రాసుకున్నారు. వాళ్లలో చాలామందిని బయటివాళ్లు ఓడల్లో పనికి ఎత్తుకుపోయారు, మిగిలినవాళ్లలో ఎందరో రోగాలతో పోయారు. చెక్కలు ఇంకా ఉన్నాయి, చదివే మనిషి లేడు. వాళ్లకు రాత మిగిలింది. మాకు ఒక్క నోరే ఉంది... నాకు భయమేసింది.

ఎందుకంటే జమునక్క బిడ్డకు వచ్చే నెల పెండ్లి. జనగామలో డిగ్రీ చదివిన పిల్ల, ఢావ్లో నేర్పమని తనే అడిగింది. అక్కేమో "ఏడ్చింది యాదికున్నది, మాటలు యాదికి లేవే" అంది. మొత్తం తెలిసింది దాదికే. ఆ దాదికి పోయిన వారం పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

నిన్న దవాఖానలో పిల్ల మంచం పక్కన కూర్చుని, "దాదీ, జర చెప్పరాదు" అంది. దాది పనిచేస్తున్న ఒక్క చేయీ పిల్ల మెడ చుట్టూ వేసింది. పెదాలు కదిలాయి, చాలాసేపు... గొంతు మాత్రం రాలేదు. నేను పెన్ను పట్టుకుని ఆ పెదాలనే చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాటా అందలేదు.

ఇప్పుడు తండాలో పెండ్లంటే డీజే మోతే... మీ ఇంట్లోనూ ఒక్క మనిషికే వచ్చిన పాట ఏదైనా ఉంటే కింద రాయండి. కాదు... ముందు ఫోన్ పక్కన పెట్టి, ఆ మనిషి దగ్గరికి పోండి.