కాంటాకు నేను పెట్టిన మేస్త్రీ

బోధన్ అవతల ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్ చూసేదాన్ని. ఫ్యాక్టరీ పేరు రాయను. తప్పు నాది, దాని పేరెందుకు? అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్లయి ఉంటుంది. పొద్దున్నే నేనుండే కంఠేశ్వర్ నుంచి ఆటోలో బస్టాండు, అక్కణ్ణుంచి బోధన్ బస్సు, దిగాక ఫ్యాక్టరీ జీపు దొరికితే జీపు, లేకుంటే చెరుకు ట్రాక్టర్ల వెనక దుమ్ములో నడక. సెక్షన్ అంటే గొప్పగా ఊహించుకోవద్దు. మూడు కంప్యూటర్లు, నీళ్లు కారే ఒక కూలర్, ఎవరితోనూ పడని నేను.

చెరుకు ట్రాక్టరు లోపలికి రాగానే ఇనుప పలక మీదికి ఎక్కుతుంది. దాన్నే అందరూ కాంటా అనేవారు. బరువు కేబుల్ గుండా నా కంప్యూటర్‌కు వస్తుంది, చీటీ అచ్చవుతుంది. చెరుకు దింపాక ఇంకో గేటు దగ్గరి రెండో కాంటా మీద ఖాళీ ట్రాక్టరును తూచి, అది తీసేసి, అసలు బరువు రాస్తారు. ఈ పనంతా తెర వెనక నడిచే నాలుగు చిన్న ప్రోగ్రాములది. టోకెన్ ఇచ్చేదొకటి, బరువు చదివేదొకటి, చీటీ అచ్చేసేదొకటి, చెరుకు లెక్కలు చూసే కేన్ ఆఫీసుకు పంపేదొకటి. వీటినే సర్వీసులంటారు. వాటిలో బరువు చదివేది మహా పిరికిది. కేబుల్‌లో కొంచెం గలీజు సిగ్నల్ వస్తే చాలు, చచ్చి ఊరుకునేది.

అది చచ్చినప్పుడల్లా మా కాంటా గుమాస్తా ఒక తతంగం పెట్టేవాడు. ఆయనకు అక్కడ ఇరవై ఏళ్ల అనుభవం. పలక మీది ట్రాక్టరును వెనక్కి తీయించేవాడు, పలక మీద ఒక్క మనిషి కూడా లేకుండా చూసేవాడు, కట్టెతో నాలుగు మూలలా కొట్టేవాడు, అప్పుడు గాని సర్వీసును మళ్లీ మొదలుపెట్టేవాడు కాదు. నిండు ట్రాలీని వెనక్కి తీయడమంటే మాటలా? డ్రైవర్లు తిట్టేవాళ్లు. ఒకరోజు నేను కూడా అందుకున్నాను.

"ఇది కంప్యూటరా, దేవుడి గుడా అన్నా? నాలుగు మూలల పూజైతే గాని లేవదా?"

"ఖాళీ జేసి లేపాలె మేడం. ముందటాయన గట్లనే నేర్పిండు."

"ఎందుకు?"

"ఎందుకంటే నాకేం ఎరుక?"

జవాబు చెప్పలేనివాడు ఓడిపోయినట్టే అని నమ్మే వయసు, నమ్మే బుద్ధి. ఆ వారమే హైదరాబాద్ నుంచి తెప్పించిన సీడీలో ఒక ప్రోగ్రాం దొరికింది. సర్వీసులను వరుసగా లేపడం, అవి బతికున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండడం, చచ్చినదాన్ని మళ్లీ లేపడం, ఇదే దాని పని. నేను దానికి మేస్త్రీ అని పేరు పెట్టాను. దానికి చెప్పవలసినవన్నీ ఒక ఫైల్లో రాయాలి. ఏ సర్వీసు ముందు, ఏది దాని తర్వాత, చస్తే ఏం చేయాలి, లేపే ముందు ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు లేపి విసిగి మానేయాలి. బరువు సర్వీసు దగ్గర నేను రాసింది మూడు ముక్కలు: ఎప్పుడు చచ్చినా లేపు, రెండు సెకన్లు ఆగు, ఎన్నిసార్లయినా సరే. దాని డైరీ, అంటే ఏది ఎప్పుడు చచ్చింది, ఎప్పుడు లేచింది అన్న చిట్టా, రోజూ తుడిచి కొత్తది మొదలుపెట్టమని కూడా రాశాను. డిస్కులో జాగా తక్కువ.

ఆ తర్వాత కాంటా ఆగలేదు. ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఎక్కి దిగుతుంటే గుమాస్తా కట్టె గోడకు ఆనించి కూర్చున్నాడు. నేను క్యాంటీన్‌లో వినబడేటట్టు మాట్లాడాను.

పదో రోజు మధ్యాహ్నం ఒకామె ఆఖరి చీటీ పట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. భర్త కాలు విరిగి మంచాన ఉన్నాడని, ఆ సీజనంతా ట్రాక్టరు మీద డ్రైవర్ పక్కన కూర్చుని తనే చెరుకు తెచ్చేది.

"నా బండి తొంభై క్వింటాళ్లకు ఎన్నడు తక్వ రాలే. ఇయ్యాల ఎనభై మూడెట్లయితది?"

చెరుకు ఎండి ఉంటుందన్నాను. కాదంది. కట్టలు తక్కువ ఎక్కించి ఉంటారన్నాను. దగ్గరుండి ఎక్కించింది తనేనంది. మనుషులు అబద్ధం చెప్తారు గాని కంప్యూటర్ చెప్పదు అన్నాను, వెనక నిలబడ్డ నలుగురికీ వినబడేటట్టు. ఆమె చీటీని కొంగున ముడేసుకుని, తేలేదాకా ఇక్కడే ఉంటానని వరండాలో కూర్చుంది.

ఆమె నోరు మూయించడానికే మేస్త్రీ డైరీ తెరిచాను. పొద్దుటి నుంచి బరువు సర్వీసు పందొమ్మిదిసార్లు చచ్చి లేచింది. చస్తుందని తెలుసు. ఇన్నిసార్లని తెలియదు. లేచిపోతున్నది కదా, ఎవరడిగారు? పదకొండూ పదికి ఒకసారి లేచింది. ఆమె నిండు ట్రాక్టరు తూకమైన సమయం, చీటీ మీద, పదకొండూ పదకొండు.

కాంటా దగ్గరికి వెళ్లి, ఏం చేయబోతున్నానో చెప్పకుండా, ఎక్కబోతున్న ట్రాక్టరును ముందు చక్రాలు మాత్రమే పలక మీద ఉంచి ఆపమన్నాను. అక్కడి కీబోర్డు నుంచే సర్వీసును చంపాను. రెండు సెకన్లు. మేస్త్రీ దాన్ని లేపింది. తెర మీద సున్నా.

పలక మీద ట్రాక్టరు ముందు భాగం ఉంది. తెర మీద సున్నా ఉంది.

లేచిన క్షణాన ఎంత బరువుంటే దాన్నే సున్నా అనుకుంటుందన్నమాట ఆ సర్వీసు. పూర్తిగా ఎక్కించమన్నాను. ఎవరికీ అనుమానం రాని అంకె వచ్చింది. దించమన్నాను. మళ్లీ సున్నాయే. సున్నా కింది అంకెలు చూపించే అలవాటు దానికి లేదు. గుమాస్తా తెర వంక చూశాడు, నా వంక చూశాడు, గోడకు ఆనించిన కట్టె అందుకున్నాడు. తిట్టినా బాగుండేది.

డైరీ ప్రకారం పదకొండూ పది తర్వాత సర్వీసు మళ్లీ చచ్చి లేచింది పదకొండూ ముప్పై రెండుకు. ఆ లోపల తూకమైనవన్నీ తక్కువే. ఆమెది కాక ఇంకా రెండు ట్రాక్టర్లు. అవి దింపే చోట వరుసలో ఉండాలి. చెరుకు మిషన్‌లో పడితే తూచడానికేమీ మిగలదు. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని యార్డులో పరుగెత్తాను. మిషన్ల మోతలో నా అరుపు నాకే వినబడలేదు, అంత నోరున్నదాన్ని. ఒక ట్రాలీకి అప్పటికే క్రేన్ గొలుసులు తగిలించారు. చేతులూపుతూ క్రేన్‌కూ ట్రాలీకీ మధ్య నిలబడితే, ఈ మేడంకు ఏమైందని గొలుసులు విప్పారు.

కాంటా ఖాళీ చేసి, సర్వీసును తాజాగా లేపి, రెంటినీ మళ్లీ తూచాం. ఒకటి ఏడు క్వింటాళ్ల చిల్లర పెరిగింది. రెండోది పెరిగిందీ అంతే. అంటే ఆమెదీ అంతే.

కేన్ ఆఫీసర్ మంచివాడే. ఈ మూడు చీటీలూ దిద్ది, మిషన్ ఖరాబైందని రాసేద్దాం, మీ పేరెందుకు మేడం అన్నాడు. ఒక్క నిమిషం ఆ మాట చల్లగా తగిలింది. కాని వరండాలో ఆమె అట్లాగే కూర్చుని ఉంది. వెళ్లి, తప్పు మిషన్‌ది కాదు, నేను రాసిన రాతది అని చెప్పాను. దిద్దిన చీటీ ఇచ్చాను.

"మరి ఇందాక గంత లొల్లి ఎందుకు వెట్టినవ్ చెల్లె?"

ఆమె అంకె చూసుకుని మళ్లీ అడిగింది.

"గిది ఎన్నొద్దులసంది నడుస్తుంది?"

"పది రోజులు."

"నేను కొట్లాడిన, నాది దొరికింది. కొట్లాడనోళ్లది?"

ఆమె ట్రాక్టరెక్కి వెళ్లిపోయింది. నేను లోపలికి వచ్చి డైరీ వెతికాను, లేదని తెలిసే వెతికాను. తొమ్మిది రోజుల డైరీ రోజుకొకటి చొప్పున తుడిచిపోయింది. తుడవమన్నది నేనే.

ఆ సాయంత్రమే ఫైలు మార్చాను. బరువు సర్వీసు చస్తే చచ్చినట్టే ఉండాలి, గంట మోగాలి, మనిషి వచ్చి పలక చూశాక లేపాలి. అది రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. మిగిలిన పనికి సీజనంతా పట్టింది. ఆ రోజు మిగతా చీటీలవీ, అంతకుముందు తొమ్మిది రోజులవీ నకళ్లు ముందేసుకుని, ఒక్కో రైతు బండి బరువును ఆ రైతువే వేరే బండ్లతో పోల్చి చూశాను. ఉన్నట్టుండి ఐదు నుంచి ఎనిమిది క్వింటాళ్ల దాకా పడిపోయినవి పక్కన పెట్టాను. వాటిని దిద్దించడానికి ఆఫీసర్‌తో రోజూ వాదన. రుజువేదీ అనేవాడు, తుడిచింది నేనైతే రుజువు వాళ్లెట్లా తెస్తారు అనేదాన్ని. చాలావాటికి సంతకం పెట్టాడు, నా పోరు పడలేకే.

కాని ఆ తొమ్మిది రోజుల్లో ఒకే ఒక్క బండి తెచ్చినవాళ్లున్నారు. అరెకరం, ఎకరం వాళ్లు. వాళ్ల చీటీని దేనితో పోల్చాలి? వాళ్లలో దగ్గర ఊరికి చెందిన ఒకాయన దగ్గరికి ఆదివారం పూట నేనే వెళ్లాను. పొలంలో వరికి నీళ్లు కడుతున్నాడు. విషయమంతా చెప్పి, మీ బండి ఎంత ఉండాలో గుర్తుందా అని అడిగాను.

"ఏమో మేడం. మీరు ఎంత రాసిండ్రో గంతనే ఉండెనేమో" అని, పార తీసుకుని మళ్లీ మడిలోకి దిగాడు.