మూడో మనిషి అయిన మా మేనత్త

మా మేనత్త మొన్న సోమవారం పొద్దున పోయింది. ఫోన్ చేసిన చుట్టం "ఎవ్వలికి భారం గాకుంట పోయింది, అదృష్టమంతురాలు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. భారం కాకపోవడమే గొప్ప అనే మాటను ఆమె బతికున్నన్నాళ్లూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ మెప్పు ఆమెకు అంటగడితే నేనూ ఒప్పుకోను.

నంగునూరులో ఆమె బట్టలు కుట్టేది. మామ పోయాక ఇల్లు నడిచింది ఆ మిషన్ మీదే. కొలతలు తీసుకుంటూ లావయ్యావని ఎవరికైనా మొహం మీదే చెప్పేది. ఒకరోజు రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడి ఉంటే, వడ్ల ట్రాక్టరు చూసుకోకుండా వెనక్కి వచ్చి ఆమె కుడికాలు నలిపేసింది. సిద్దిపేట దవాఖానలో కాలు దక్కించారు గానీ, ఇక మిషన్ తొక్కలేవని చెప్పేశారు.

ట్రాక్టరు యజమాని ఆమెకు వరసకు అన్న. పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. "పైవాడు అట్ల రాసిండు చెల్లె. నాకు తోచిన సాయం చేస్త. కేసు గీసు వద్దు, నా భూమి పోతది" అన్నాడు.

"దేవుడు ట్రాక్టరు నడపలే అన్నా. నీ డ్రైవరు నడిపిండు" అంది అత్త. "బండికి ఇన్సూరెన్స్ ఉన్నదా?"

"ఉన్నది గని థర్డ్ పార్టీదే. గది మూడో మనిషికి ఇచ్చేది. నువ్వు మనింటి ఆడిబిడ్డవు, మూడో మనిషివి ఎట్లయితవ్?"

అందరూ తలలూపారు. మా నాన్న కూడా ఊపాడు. ట్రాక్టరు యజమాని మోసం చేయాలని అన్న మాట కాదది. మన దగ్గర మూడో మనిషి అంటే పరాయివాడు. చెల్లెలిని పట్టుకుని ఆ మాట అనడానికి ఎవరికి నోరొస్తుంది?

అత్త మాత్రం నన్ను తోడు తీసుకుని సిద్దిపేటలో వకీలు దగ్గరికి వెళ్లింది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. "ఒప్పందం ఓనరుకు, కంపెనీకి నడుమ ఉంటదమ్మ. గా ఇద్దరు గాకుంట, గా బండితోని దెబ్బ తిన్నోళ్లు మూడోవాళ్లు. చుట్టరికంతోని పని లేదు. తన పని మీదున్న డ్రైవరు తప్పు చేస్తె ఓనరు జవాబు చెప్పాలె. లైసెన్సు, షరతులు అన్ని సక్కగుంటె ఆ బాధ్యత కంపెనీ మోస్తది."

ఊరికొచ్చి అదే పెద్దమనుషుల ముందు నిలబడింది. "అన్నా, ఇయ్యాల్టి సంది నేను మూడో మనిషినే. నీ దయ నాకొద్దు. కంపెనీ ఇస్తది, నీ భూమి యాడికి పోదు" అంది. ఆయన వినలేదు, మాట్లాడటం మానేశాడు. అన్న మీద కేసేసిన ఆడదని ఊరు పేరు పెట్టింది. పెళ్లిళ్లకు పిలవడం మానేస్తే, పిలవని పెళ్లికి వెళ్లి ముందు బంతిలో కూర్చుని తిన్నది.

ఆ తర్వాత చుట్టుపక్కల ఎవరికి యాక్సిడెంట్ అయినా వెళ్లేది. ముందు వాళ్లను ఏడవనిచ్చేది, తర్వాత బండి నంబరు అడిగేది. "తప్పు ఒకలది అయితది, బాధ్యత ఇంకొకలది అయితది. రెండిటిని కలపకున్రి" అనేది. చావింట్లో ఇవేం మాటలని కొందరు తిట్టుకునేవారు. తిట్టుకోనీ. వాళ్లలో ఎంతమంది తర్వాత ఆమె గడప తొక్కారో నాకు తెలుసు.

ఆమె అనగానే నాకు తీర్పు రోజే కళ్లముందుకొస్తుంది. పరిహారం కంపెనీయే ఇవ్వాలని కోర్టు చెప్పింది. బయట గోడకు ఆనుకుని ఉన్న యజమాని నన్ను పక్కకు పిలిచాడు. "అంటె నా భూమి పోదా?" అన్నాడు.

"పోదని నేను అప్పుడే చెప్పిన" అంది అత్త, అటు చూడకుండానే.

ఊరికి అప్పుడు ఉన్నది ఒక్కటే ఆటో. ఆయన ఎక్కాలా వద్దా అని నిలబడ్డాడు. అత్త ఎక్కి కూర్చుని, వంగని కాలు ఎదుటి సీటు మీదికి చాపి, చంక కర్ర ఆయన ముందుకు చాచింది. "గిది పట్టుకో. కిందవెడితె జారుతది."

ఆయన ఎక్కి పట్టుకున్నాడు. దారిలో జనం ఎక్కుతూనే ఉన్నారు, జరగమంటూనే ఉన్నారు. ఆయన మూలకు ఒదిగి ఒదిగి, నంగునూరు దాకా ఆ కర్రను రెండు చేతులతో నిటారుగా పట్టుకునే కూర్చున్నాడు.