దండు మైదానంలో పలకలు

ఆ ఉదయం దండు మైదానంలో ఉన్నవి: కొలతలు తీసే రోవర్ ఒకటి, దాని స్టాండు, ఎర్ర రంగు డబ్బా, కొత్త లేఅవుట్ పటం, నీళ్ల సీసా, నేను. టేపు రెండో కొస పట్టవలసిన చైన్‌మన్ రాలేదు. మార్కాపురం వచ్చి నాలుగు నెలలైనా, పని మాటలు తప్ప నాతో మాట్లాడేవాళ్లు లేరు.

వెనకటికి పటాలాలు నడిచి వెళ్తూ గుడారాలు వేసుకున్న నేల అది. మిలటరీవాళ్లు వదిలేశాక ఊరు దాని చుట్టూ పెరిగింది. ఇప్పుడు ఇళ్ల స్థలాలు చేస్తున్నారు. పడమటి పక్కన నిలువుగా పాతిన నల్ల పలకరాళ్లను హద్దు రాళ్లనుకుని చిత్తు పటంలో అలాగే గుర్తించాను. వాటి మీద ఏ రాతా లేదు.

ఒక ముసలామె చెంబుతో నీళ్లు తెచ్చి, ఒక పలకను కొంగుతో తుడవసాగింది. హద్దు రాయిని కదిలించవద్దన్నాను.

"హద్దేంది నాయనా, మా ఆయన," అంది.

పలకల గనుల్లో కూలి చేసిన కుటుంబాలు తమవాళ్లను అక్కడ పూడ్చుకున్నాయట. ప్రతి ఈస్టర్‌కూ బలపంతో పేర్లు రాస్తారు, వానలకు చెరిగిపోతాయి. మిగతావాళ్లు వలస పోయారు. ఇప్పుడు అందరి పేర్లూ తానే రాస్తోందట. రోడ్డు ఎక్కడ పడుతుందని అడిగింది. మేం నిలబడ్డ చోటేనని చెప్పాను.

"మాకు కాయితం లేదు. నువ్వు రాస్తేనే వీళ్లు ఈడ ఉన్నట్టు."

ప్రతి పలక దగ్గరా రోవర్ నిలబెట్టి ఒక్కో బిందువు తీసుకున్నాను. ఆమె పక్కన నడుస్తూ ఏ పలక ఎవరిదో చెప్పింది. ఒకాయన చుట్ట ఇవ్వనిదే పలికేవాడు కాదట, ఇప్పుడు చుట్ట అడగని బుద్ధిమంతుడైనాడని నవ్వింది.

ఆ బిందువులను సమాధులని రాసి పంపితే పై అధికారి విసుక్కున్నాడు గాని పటం మార్చారు. రోడ్డు పలకల వరుసకు తూర్పుగా జరిగింది. ఆ కబురు చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్లాను. టీ పెట్టింది. ఆ ఊళ్లో ఒకరింట్లో కూర్చుని టీ తాగడం నాకదే మొదలు.

కంకర పరిచి రోలర్ తిప్పిన రోజు ఇద్దరం అక్కడే ఉన్నాం. పలకలన్నీ నిలబడే ఉన్నాయి. ఆమె రోడ్డు అంచున వంగి కంకరను చేత్తో పక్కకు తీస్తోంది. ఏమైందని అడిగాను.

"పలక తల కాడ పెడతాం నాయనా. కాళ్లు పొద్దు పొడిచే దిక్కుకుంటాయి."

రోడ్డు పడింది ఆ దిక్కునే. ఆ సంగతి నేను అడగలేదు. పలకలనే కొలిచాను. ఆమె వెళ్లిపోయాక టేపు తీశాను. రెండో కొస పట్టుకునేవాళ్లు లేక దాని మీద రాయి పెట్టాను. ఆమె భర్త పలక నుంచి రోడ్డు అంచుకు దూరం అరవై రెండు సెంటీమీటర్లు.