ఆఖరి బంతి భోజనాల పాట

మా మేనత్తది గొప్ప ప్రేమకథ అని మా బంధువులంతా చెప్పుకుంటారు. పెళ్లిళ్లకు మైకు సెట్టు కిరాయికి తెచ్చే ఒకాయన ఆమెను మనసులో దాచుకుని, నోరు విప్పి చెప్పలేక, తను వెళ్లిన ప్రతి పెళ్లిలోనూ ఆమె కోసమే ఒక పాట వేసేవాడట, చివరికి ఆమె అతనికి అందని చందమామై షాద్‌నగర్ కోడలిగా వెళ్లిపోయిందట. నేను ఈ కథను ఏనాడూ ఒప్పుకోలేదు. అందులో ఉన్నది ప్రేమ కాదు, ఒట్టి పిరికితనమని కాలేజీ రోజుల నుంచి వాదిస్తూనే ఉన్నాను. మొన్న శంషాబాద్‌లో ఒక పెళ్లికి వెళ్తే తెలిసింది, వాళ్ల కథతో పాటు నా వాదన కూడా గాలిమేడేనని. ఆ దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు.

ఎయిర్‌పోర్టు రోడ్డు మీది ఫంక్షన్ హాలు అది. నెత్తి మీదుగా విమానం దిగినప్పుడల్లా పంతులుగారు మంత్రం ఆపి, అది వెళ్లాక మళ్లీ అందుకుంటున్నారు. భోజనాల వేళకు డీజే వాళ్లు ఆ పాత పాటకే కొత్త దరువు కట్టి వేశారు. మా పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "ఇగో, మీ అత్త పాటొచ్చింది" అని పైట చెంగుతో కళ్లొత్తుకుంది. ఆ అత్త మాత్రం మా ఎదురుగానే కూర్చుని బగారన్నంలో మెత్తటి ముక్కలు ఏరుకుంటోంది.

మన వయసువాళ్లు ఆ పాట వినని వాళ్లుండరు. ఏటి అవతలి ఒడ్డున ఒక అమ్మాయి దీపం పెట్టుకుని కూర్చుంటుంది, ఇవతలి ఒడ్డున పడవ నడిపేవాడు ఆ వెలుగును చూస్తూ, ఈ జన్మకు ఆ ఒడ్డు తనది కాదని పాడుకుంటాడు. మా ఊరు మంఖాల్‌లో, రేడియోలో ఈ పాట వచ్చినప్పుడల్లా మా బాపు వాకిట్లో మంచం మీద కూర్చుని తన చెల్లెలి కథ ఎత్తుకునేవాడు, చెబుతూ చెబుతూ కండువాతో కళ్లు తుడుచుకునేవాడు. నేనప్పుడు రోజూ బస్సులో పట్నం వెళ్లి బి.ఏ. చదువుతున్నాను, నోరు ఊరుకునేది కాదు. పడవ నడపడమే వాడి పనైనప్పుడు ఏరు అడ్డమెలా అవుతుందని నిలదీసేదాన్ని. "తెడ్డు చేతిలనే ఉంది గద బాపు, ఇగ అందకపోవుడేంది?" అంటే, "నీకు సదువొచ్చింది గని పాట రాలేదు బిడ్డా" అని నవ్వేసేవాడు.

అయినా నేను వదిలేదాన్ని కాదు. మూడో చరణంలో, ఆమెకు తనొకడున్న సంగతే తెలియదని ఆ మహానుభావుడు తానే ఒప్పుకుంటాడు. అడగనిదానికి ఆమె జవాబివ్వలేదని ఏడవడం ఎంత హాయైన పని! అడిగితే కాదంటుందేమోనన్న బెంగ లేదు, అవునంటే సంసారం మోయాలన్న బరువూ లేదు. అందని ప్రేమ పాటలు సగానికి సగం ఇంతే, ఆమె అందక కాదు, వీళ్లు చెయ్యి చాచక.

ఇంతకూ మా అత్త కథ ఎలా పుట్టిందో చెప్పాలి. అప్పటి పెళ్లిళ్లలో నేల మీద వరసగా కూర్చోబెట్టి బంతి తర్వాత బంతి వడ్డించేవాళ్లు. మొదట పెద్దమనుషులు, తర్వాత ఆడవాళ్లు, అందరూ లేచాక ఆఖరి బంతిలో బాజాలవాళ్లు, వంటవాళ్లు, మైకు సెట్టాయన. అప్పటికి పెద్ద ఆడవాళ్లు అలిసిపోతారు కనుక ఆ బంతికి ఇంటి ఆడపిల్లలు వడ్డించేవాళ్లు. మహేశ్వరం చుట్టుపక్కల మావాళ్ల పెళ్లి ఎక్కడ జరిగినా అన్నం గంప పట్టుకునేది మా అత్తే. ఆమె గంపతో వచ్చేసరికి ఆ బంతిలో ఆయన కూర్చుని ఉండేవాడు, మిద్దె మీద కట్టిన మైకులోంచి సరిగ్గా ఆ పాటే మోగేది. ఒక పెళ్లిలో అయితే ఎవరూ పట్టించుకోరు, ప్రతి పెళ్లిలో ఇదే తంతైతే ఊరుకుంటారా? టీచరు కావాలని పదో తరగతి చదువుతున్న పిల్లను, పరీక్షలు కూడా రాయనివ్వకుండా, షాద్‌నగర్‌లో రెండో సంబంధానికిచ్చి పంపేశారు.

మొన్న పెద్దమ్మ "పాపం, ఎంత ప్రేమనో" అని నిట్టూర్చగానే నేను నా పాత వాదన అందుకున్నాను. పడవ దగ్గర మొదలుపెట్టి పిరికితనం దాకా వచ్చేసరికి అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ప్రేమ లేదు పాడు లేదు. గా ప్లేటు పొడుగుది బిడ్డా."

నేను చేతిలోని పళ్లెం వంక చూశాను, ఆమె అంటున్నది గ్రామఫోను ప్లేటని తర్వాత వెలిగింది.

"మిగిలిన ప్లేట్లు నాలుగు ముద్దలు మింగేలోపే ఒడుస్తయి. ఉరికిపోయి మార్చాలె. గిదొక్కటే ఆయన బువ్వ తిని చెయ్యి కడుక్కునేదాంక మోగేది. గందుకే ఏసేటోడు."

పెద్దమ్మ చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. నీకెవరు చెప్పారని అడిగాను.

"ఆయన మీ బాపుకు చెప్తుంటె తలుపెనక నిలవడి ఇన్న. నా సంబంధం ఖాయం చేస్తున్నరని తెల్సి ఉరికొచ్చిండు. 'పటేలా, నీ చెల్లె మొఖం గూడ నేను సక్కగ సూడలే. తిండికోసం ఏసిన పాట అది. పిల్ల సదువు ఆపకుండ్రి' అని కాళ్లమీద పడ్డంత పనిచేసిండు."

"బాపు ఏమన్నడు?"

"'పాటైతే మూడూర్లిన్నయి. నీ మాట ఎవలింటరు?' అన్నడు. సల్ల తాగిపిచ్చి పంపిండు."

అత్త మళ్లీ ముక్క వెతుక్కుంది. మరి ఇన్నేళ్లూ అందరూ ఆ కథ చెబుతుంటే ఎందుకు నోరు మూసుకున్నావని అడిగాను.

"ఉత్తపుణ్యానికి పంపిండ్రు అనుకునేకన్న గదే నయం గద," అంది, ఉప్పు అందుకుంటూ.

ఇప్పుడు బంతులు లేవు, ఎవరి పళ్లెం వాళ్లు తెచ్చుకుని తింటున్నాం. మూడూళ్లకు వినిపించే పాటా లేదు, ఎవరి చెవిలో వాళ్లకే మోగుతోంది, ఒకప్పుడు ఆ పాట దాటి వెళ్లిన పొలాల్లో ప్లాట్ల రాళ్లు పాతేశారు. పోయినవాటిలో కొన్ని పోవడమే మేలైందేమో. కానీ నన్ను చదివించడానికి ఊరందరితో తగువు పడిన మనిషి మా బాపు. ఆడపిల్లకు పట్నం చదువెందుకన్న వాళ్ల మొహం మీదే తలుపు వేసిన మనిషి. నిజం తెలిసిన ఆ మనిషే ఈ ప్రేమకథను అందరికంటే తీయగా చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. ఇన్నేళ్లూ ఎవరో పడవవాడి మీద వేసిన ప్రశ్న నిజానికి ఎదురుగా మంచం మీద కూర్చున్నవాడిని అడగాల్సింది.

తెడ్డు నీ చేతిలనే ఉండె గద బాపు, మరెందుకు ఎయ్యలే?